మాట్లాడగలిగినంత వేగం

గేటు గడియ చిన్నమ్మలు తానే తీసింది. మూడు వారాల కిందటైతే ఆ గడియ మీద చెయ్యి పడేలోపే "నువ్వు సెయ్యెట్టకు" అంటూ భర్త త్రినాథరావు అడ్డొచ్చేవాడు. ఇవాళ వెనకాల నిలబడి చూస్తున్నాడంతే, ఒక చేతిలో ఆసుపత్రి ఫైలున్న సంచి, ఇంకో చేతిలో ఎర్ర ప్లాస్టిక్ స్టూలు. స్టూలు వద్దని నిన్న చెప్పింది, పొద్దున కాఫీ దగ్గర మళ్ళీ చెప్పింది. ముప్ఫై నాలుగేళ్ళు ఉక్కు ప్లాంటు రైల్ మిల్లులో క్రేను నడిపి రిటైరైన మనిషికి ఒకసారి పట్టుకున్నది కింద పెట్టడం అంత తేలిక కాదు కాబోలు, పోనీ మొయ్యనీ అనుకుంది. టైము ఎనిమిది. తొమ్మిదికల్లా డాక్టరుగారి గది ముందుండాలి. సెక్టర్ ఏడులోని ఈ క్వార్టరు నుంచి పెద్దాసుపత్రికి స్కూటరు మీద ఐదు నిమిషాలు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కాళ్ళకి ఇరవై, తన కాళ్ళకి ఎంతో ఇవాళ తేలాలి. హథ్‌ఖోజ్‌లో ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు సతీశ్ డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళి కారులో దింపుతానన్నాడు, వద్దంది. కడుపులో పాకిన జబ్బుకి ఎక్కిస్తున్న మందు మూడు సార్లయ్యాక ఆపేశారు. నెత్తురు పరీక్షలు నిన్న వచ్చాయి, బాగానే ఉన్నాయట. ఇక చూడవలసింది మనిషిని. మనిషి ఒంట్లో ఓపిక ఉందనిపిస్తే నాలుగోసారి మందు ఎక్కిస్తారు, లేదనిపిస్తే ఇక చాలు, ఇంటి దగ్గర సుఖంగా చూసుకోండి అంటారు. ఆ సుఖం అనే మాట తలచుకుంటేనే చిన్నమ్మలుకి ఒళ్ళు మండిపోతుంది.

వీధిలోకి వచ్చాక మొదటి పది అడుగులూ ఎప్పుడూ అంతే, కాళ్ళు తనవి కావనిపిస్తుంది. మందు వల్ల అరికాళ్ళు మొద్దుబారాయి, గోనెసంచి మీద నడుస్తున్నట్టుంటుంది, వేళ్ళ చివర చీమలు. ఆ చీమలతో కూడా పరిచయం పెరిగింది ఇప్పుడు, ఇదిగో వచ్చారా, రండి, కొంచెం సేపట్లో మీరే సర్దుకుంటారు అనుకుంటుంది. మెడ చుట్టూ శాలువా, జుట్టు రాలిన తల మీద సతీశ్ కొనిచ్చిన ముదురు నీలం ఊలు టోపీ, కాళ్ళకి బూట్లు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో మొట్టమొదటిసారి లేసులున్న బూట్లు తొడుక్కుంది, చీర మీద. మొదటి రోజు ఈ వేషం చూసి ఎదురు క్వార్టరు పిల్లలు నవ్వితే తానూ నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది. ఇప్పుడు నవ్వినా రాదు. చూడాలంటే చూసుకోవచ్చు. "బావా, ఏదోటి మాటాడు" అంది, వెనక్కి తిరక్కుండానే. మేనత్త కొడుకు, పెళ్ళికి ముందూ బావే, ఇప్పుడూ బావే. "ఏటి మాటాడమంటావు?" అన్నాడు త్రినాథరావు. అదీ ఆయన వరస.

మాట్లాడడం ఇక్కడ సరదా కాదు, కొలత. ఫిజియోథెరపీ గదిలో ప్రసూన చెప్పిన కొలత. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది, తాతగారిది మన పలాస వైపేనట, తెలుగు మొదలుపెట్టి హిందీలో తేలుతుంది. "ఆంటీ, నడుస్తూ మాట్లాడగలగాలి, గానా మాత్రం పాడలేకపోవాలి, బస్, అదే మీ స్పీడు. మాట కూడా రాకపోతే జ్యాదా అయినట్టు, ఆపెయ్యాలి. పాట వచ్చేస్తుంటే తక్కువైనట్టు." మిషను లేదు, తీగలు లేవు, నోరుంటే చాలు. నోరు చిన్నమ్మలుకి పుట్టుకతోనే ఉంది. కానీ ఒక్కతీ తనలో తాను మాట్లాడుకుంటూ వీధిలో పోతే జబ్బు తలకెక్కిందంటారు, పక్కన మనిషి కావాలి. పక్కనున్నదేమో ఈయన. రైల్ మిల్లు చప్పుడులో మాట వినపడదు, కింద నిలబడ్డవాడు చెయ్యి చూపిస్తాడు, పైన క్రేనులో ఈయన ఎత్తుతాడు, దించుతాడు, ఆపుతాడు. పెళ్ళై వచ్చిన కొత్తలో అన్నం వడ్డిస్తుంటే కూడా అరచెయ్యి బోర్లించి అడ్డంగా కదిపేవాడు, అంటే చాలు అని. ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో ఆయన గట్టిగా మాట్లాడినవి లెక్కపెడితే ఈ రోడ్డు మొదటి మలుపు దాకా కూడా రావు. అలాంటి మనిషి మూడు వారాలుగా రోజుకి మూడుసార్లు తన నడక కోసం మాటలు వెతుక్కుంటున్నాడు. నిన్న సాయంత్రం చిన్నప్పుడు ఏట్లో ఈత నేర్చుకున్న సంగతి చెప్పాడు, కథ మధ్యలో ఆగి, ఇది నీకు ముందు సెప్పినానా అని అడిగాడు. లేదు బావా, ఎప్పుడూ సెప్పలేదు అంది. నిజంగానే చెప్పలేదు.

మలుపు తిరిగారు. దారి పొడుగునా చెట్లు, వాటి వెనక వరుసగా ఒకే రంగు క్వార్టర్లు, దూరంగా ప్లాంటు పొగ గొట్టాలు. జనరల్ షిఫ్టుకి హెల్మెట్లు హ్యాండిలుకి తగిలించుకుని స్కూటర్లు పోతున్నాయి. దీపావళి వెళ్ళి వారమైంది, గాలిలో చలి మొదలైంది, ముక్కులోకి చల్లగా పోయి గుండెల్లో వెచ్చబడుతోంది. నోట్లో మాత్రం ఇనుము రుచి. మందెక్కించిన రోజు నుంచీ ఏది తిన్నా ఇనుమే, అంబలి తాగినా ఇనుమే. ఈ ఊరికొచ్చి ఇన్నేళ్ళకి ఊరు నా నోట్లోకొచ్చేసింది బావా అంటే ఆయన నవ్వలేదు, ఏడవబోయి మొహం తిప్పుకున్నాడు. ఆయనకి హాస్యం పనికిరాదు, అందులోనూ ఆసుపత్రి హాస్యం. వచ్చిన కొత్తలో సూర్యుడు ప్లాంటు వెనక అస్తమిస్తుంటే ఆకాశం ఎర్రబడ్డం చూసి కొలిమి మండుతోందనుకుని రాత్రంతా భయపడింది. ఇరవై ఏళ్ళ పిల్ల, ఊళ్ళో చోళ్ళు దంచిన చేతులు. ఇద్దరు పిల్లల్ని కని ఒక్కరిని దక్కించుకున్న ఒళ్ళు. నీళ్ళు రాని ఎండాకాలాల్లో ట్యాంకరు దగ్గర రెండు బిందెలు ఒక్కసారి మోసిన నడుము. ఈ ఒంటిని ఇప్పుడు గాజుగ్లాసులా చూస్తున్నారు అందరూ, ఇదేమన్నా గాజా, ఎవరినడిగి గాజు చేశారు?

గాజు చేసింది ఎవరో ఆమెకి తెలుసు. ముందు నడుస్తున్నా వెనక చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. మూడో మందు అయ్యాక ఆయన చేసిన పని ఇది. మంచం గదిలో కాకుండా ముందు గదిలో వేశాడు, టీవీ అటు తిప్పాడు, వంట నేర్చుకున్నాడు, పప్పులో ఉప్పు మర్చిపోయి కూరలో రెండుసార్లు వేశాడు. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నోటికందించాడు. స్నానాల గది దాకా నాలుగడుగులు వేయాలన్నా జబ్బ పట్టుకున్నాడు. చూడ్డానికి వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు, ఆంధ్రా నుంచి వచ్చిన ఇన్ని కుటుంబాల్లో ఒకరికి జ్వరమొస్తే అందరికీ తెలుస్తుంది, ఇక ఈ జబ్బంటే చెప్పాలా. వచ్చినవాళ్ళ కోసం పడుకోవాలి. కూర్చుంటే వాళ్ళకి తృప్తి ఉండదు, పడుకో తల్లీ పడుకో అని దగ్గరుండి పడుకోబెడతారు, కొబ్బరిబొండాం బల్ల మీద పెట్టి నిట్టూరుస్తారు. ఇరవై రోజులు అలా పడుకునేసరికి నిజంగానే కాళ్ళు ఈనుపుల్లల్లా అయిపోయాయి, గోడ పట్టుకోకుండా లేవలేకపోయింది. మందు వల్ల వచ్చిన నీరసం కొంత, మంచం వల్ల వచ్చిన నీరసం కొంత, ఏది ఎంతో ఆమెకే తెలియలేదు. తెలిసినా ఎవరు అడిగారు కనక?

ఆ రోజు, అంటే మూడు వారాల కిందట, ఆసుపత్రి వరండాలో దిగగానే చక్రాల కుర్చీ తెచ్చాడు బావ. నడుస్తానంది. వినలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, డాక్టరుగారి గదిలోకి తానే తోసుకెళ్ళాడు. డాక్టరుగారు హిందీలో అడిగారు, రోజంతా పడుకునే ఉంటున్నారా అని. ఆమెని అడగలేదు, ఆయన్ని అడిగారు. పెద్దవాళ్ళ దగ్గర మగవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరవకూడదని ఎప్పుడో చిన్నప్పుడు అబ్బిన అలవాటు, వీధిలో అందరి నోళ్ళూ మూయించే చిన్నమ్మలు అక్కడ మాత్రం తలొంచుకుంది. త్రినాథరావు నిటారుగా నిలబడ్డాడు, పై అధికారికి షిఫ్టు రిపోర్టు చెప్పేటప్పుడు నిలబడినట్టే. "పూరా ఆరామ్ సార్. మంచం దిగనివ్వట్లేదు. ఒక గ్లాసు కూడా ఎత్తనివ్వట్లేదు. అన్నీ నేనే చూసుకుంటున్నాను" అన్నాడు. అబ్బ, ఎంత గర్వం ఆ గొంతులో! ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క రైలు పట్టా కూడా జారవిడవని మనిషి, భార్యని కూడా జారవిడవలేదని చెప్పుకుంటున్నాడు. డాక్టరుగారు శ్రద్ధగా విన్నారు. విని, రోజంతా మంచం మీదే అని ఫైలులో రాసుకున్నారు. ఇంత నీరసంగా ఉన్న మనిషి ఈ మందుని తట్టుకోలేదు, మంచి కన్నా చెడే ఎక్కువ, మూడు వారాలు ఆపుదాం, ఈలోగా ఫిజియోథెరపీ గదిలో చూపించుకోండి, అప్పటికీ ఇలాగే ఉంటే ఇక ఇవ్వకపోవడమే మేలు అన్నారు. డాక్టరుగారి తప్పు లేదు, చెప్పిందే కదా రాసుకుంటారు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. తాను బాగా చేశాననుకున్న పనే కాగితం మీద అలా మారిపోతుందని ఏ క్రేనూ ఆయనకి నేర్పలేదు.

"ఏటి, మాటాడ్డం మానేసినావు?" అన్నాడు వెనక నుంచి. ఆలోచనలో పడి నోరు మూసుకుందేమో, ఆయనకి భయం వేసింది. "లోపల మాటాడుకుంటన్నాను. ఆయాసం లేదు, నువ్వు కంగారు పడకు" అంది. పూర్తి వాక్యం, ఒక్క ఊపిరిలో. చూశావా అనుకుంది తనలో తాను. మొదటి రోజు క్వార్టరు నుంచి పక్క క్వార్టరు గేటు దాకా, ఐదు నిమిషాలు, మధ్యలో రెండుసార్లు స్టూలు. ప్రసూన ఐదే చెప్పింది, పొద్దున ఐదు, మధ్యాహ్నం ఐదు, సాయంత్రం ఐదు. జ్వరమొస్తే వద్దు, తల తిరిగినా, గుండెల్లో నొప్పొచ్చినా ఆగిపోవాలి, జనంలోకి వెళ్ళొద్దు. ఇంకోటి కూడా చెప్పింది, కళ్ళలోకి చూసి చెప్పింది, అందుకే ఆ పిల్లంటే ఇష్టం. "ఆంటీ, నడిస్తే గడ్డ కరిగిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. నీరసం కరుగుతుంది. అంతే. వో భీ కమ్ నహీ హై." అదేమీ తక్కువ కాదట. తక్కువ కాదని ఎనిమిదో రోజుకే తెలిసింది, పొద్దున్నే లేచి తన కంచం తానే కడుక్కుంది, ఆ కంచం కడిగినందుకు ఎంత సంతోషం వేసిందో ఎవరికైనా చెప్తే నవ్విపోతారు. తొమ్మిదో రోజు మాత్రం బావకి పాత బుద్ధి పుట్టింది. ప్లాంటులో టార్గెట్‌కి మించి పని చేస్తే మిఠాయిలు పంచుతారు, గడియారాలిస్తారు, ఆ అలవాటు. పది నిమిషాలు చెప్తే ఇరవై ఐదు నడిపించాడు, రికార్డు అన్నాడు. తానూ ఉత్సాహపడింది, ఆయనొక్కడిదే తప్పనడానికి లేదు. మర్నాడూ ఆ మర్నాడూ మంచం దిగలేదు. ప్రసూన ఫోనులో ఇద్దరినీ కలిపి తిట్టింది. ఆ తర్వాత నుంచి ఎంత చెప్తే అంతే.

బస్‌స్టాపు దాటుతుంటే వరలక్ష్మమ్మ ఎదురైంది, పాల ప్యాకెట్ల సంచితో. వెనక వీధిలో ఉంటుంది, వారానికి రెండుసార్లు చూడ్డానికొచ్చి పడుకోబెట్టినవాళ్ళలో ముందు వరస మనిషి. "అయ్యో, సిన్నమ్మలూ! ఇదేటమ్మా ఈ నడక! ఒంటిని ఇలగ ఏడిపించకపోతే ఏటి? త్రినాథరావుగారూ, మీరైనా సెప్పకూడదా?" అంది. చిన్నమ్మలు ఆగలేదు, ఆగితే కాళ్ళు చల్లబడతాయి. నడుస్తూనే "ఒంటిని ఏడిపించింది మంచమొదినా, నడక కాదు. సాయంత్రం రా, కూకుని మాటాడుకుందాం, పడుకోను" అంది. అన్నాక వెనక్కి చూస్తే వరలక్ష్మమ్మ పాల సంచితో అక్కడే నిలబడి ఉంది. పాపం, ఆమెది ప్రేమే. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమలో పడుకుంటే లేవలేమని వాళ్ళకెవరు చెప్పాలి?

పెద్ద రోడ్డు మీదకొచ్చేసరికి మాట తెగింది. "బావా, టైము" అనబోతే బా దగ్గర ఊపిరి అయిపోయింది, మళ్ళీ పీల్చుకుని మిగతాది చెప్పాలి. పిక్కలు బిగుసుకున్నాయి, టోపీ కింద చెమట. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఇంకో నాలుగు వందల అడుగులుంటాయేమో, ఆసుపత్రి గోడ కనపడుతోంది, ఆగకుండా పోవాలనే ముందు నుంచీ అనుకుంది, ఆగితే ఓడిపోయినట్టు. ఎవరితో పోటీ? ఎవరూ లేరు, రోడ్డు మీద గేదె ఒకటి తన దారిన తాను పోతోంది. కూర్చోవడం ఓడిపోవడం కాదాంటీ, కూర్చుని లేవడం కూడా వ్యాయామమే అనలేదూ ఆ పిల్ల? మాట రాకపోతే ఆపమంది, మాట రావడం లేదు, ఆపాలి, అంతే కదా లెక్క. చిన్నమ్మలు చెయ్యి ఎత్తి అరచెయ్యి బోర్లించి అడ్డంగా కదిపింది. ఆయనకి ఆ భాష ఎవరూ నేర్పక్కర్లేదు. క్షణంలో స్టూలు కింద ఉంది. ఫుట్‌పాత్ మధ్యలో, చెట్టు నీడలో, బూట్లూ చీరా ఊలు టోపీతో మహారాణిలా కూర్చుంది. స్కూటర్ల మీద పోయేవాళ్ళు చూశారు, చూస్తే చూడనీ.

ఆయన ఎదురుగా నిలబడి సంచిలోని నీళ్ళ సీసా మూత తీసిచ్చాడు. నోటికి అందించలేదు, చేతికిచ్చాడు. అది గమనించి గుండె ఒక్కసారి నిండిపోయింది చిన్నమ్మలుకి. ఆమె నీళ్ళు తాగుతుంటే అటు రోడ్డు వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టాడు. నడకకి కావలసిన మాట కాదు ఇది, ఎవరూ అడగలేదు. "ఆ రోజు నానలగ సెప్పకుండా ఉండాల్సింది. నిన్ను సూసుకుంటన్నానని సెప్పుకున్నాను. నిన్నడగలేదు. నీకేటన్నా అయితే నా వల్లే అని, రోజూ, పడుకుంటే అదే." ఆగాడు. "నాకు భయమేసీసింది సిన్నమ్మలూ. నువ్వు లేస్తే పడిపోతావని భయం. పడుకుంటే పోవనుకున్నాను." ఇంత పొడుగు మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. ఏడుపు వచ్చింది, రానిచ్చింది, ఏడవడానికి కూడా ఊపిరి ఉండాలి, ఉంది. పోవడం ఎలాగూ ఉంది బావా అనాలనిపించింది, అనలేదు. ఈ జబ్బు పూర్తిగా పోదని ఆమెకి తెలుసు. మొదటి మందు రోజునే నర్సుల మాటల్లో పట్టేసింది, ప్రసూన్ని అడిగితే కాదనలేదు. పోదు, కానీ ఆగొచ్చు. కొన్ని నెలలు, అదృష్టం బాగుంటే ఇంకా ఎక్కువ. ఆ నెలలన్నీ ఎవరి చేతుల మీదో కాదు, తన కాళ్ళ మీద గడవాలి, అదొక్కటే ఆమెకి కావలసింది. లేచింది, గోడా చెట్టూ పట్టుకోకుండా. "పద. ఏట్లో ఈత సగంలో ఆపేసినావు నిన్న, ఆ తరవాత ఏటయిందో సెప్పు" అంది. ఆయన స్టూలు తీసుకుని, వెనకాల కాకుండా, ఈసారి పక్కన నడిచాడు.

గేటు దగ్గర చక్రాల కుర్చీ అబ్బాయి ఎదురొస్తే వద్దని తల ఊపింది. మెట్లు మూడు, కడ్డీ పట్టుకుని ఎక్కింది. గోడ గడియారంలో ఎనిమిదీ నలభై. వరండాలో కూర్చున్నవాళ్ళలో తన వయసు ఆడవాళ్ళు ముగ్గురు కుర్చీల్లో దుప్పట్లు కప్పుకుని ఉన్నారు, వాళ్ళ పక్కన మగవాళ్ళు ఫైళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు, ఆమె వాళ్ళకేసి చూసి నవ్వింది. తొమ్మిదింపావుకి పేరు పిలిచారు. గుమ్మం దాటింది. డాక్టరుగారు ఫైలు తెరిచి, అలవాటు కొద్దీ త్రినాథరావు వైపు తలెత్తి, ఎలా ఉన్నారు ఈవిడ అని హిందీలో అడిగారు. ఆయన నిటారుగా నిలబడ్డాడు. నోరు తెరిచాడు.

"ఆమెనే అడగండి సార్" అన్నాడు త్రినాథరావు.

డాక్టరుగారు ఆమె వైపు తిరిగారు. కూరగాయల బండ్ల దగ్గరా నీళ్ళ ట్యాంకర్ల దగ్గరా నేర్చిన హిందీలో చిన్నమ్మలు చెప్పింది. ఇంటి నుంచి నడిచి వచ్చాను సార్, ముప్ఫై ఐదు నిమిషాలు, మధ్యలో ఒకసారి కూర్చున్నాను. పగలు భోంచేశాక ఒక గంట పడుకుంటాను, రాత్రి అందరిలాగే. వంట సగం నాది. కాలివేళ్ళు తిమ్మిరిగానే ఉన్నాయి, అది తగ్గలేదు. మందెక్కిన మూడో రోజు ఎలాగూ పడిపోతాను, అబద్ధం చెప్పను, కానీ ఐదో రోజు లేస్తాను. డాక్టరుగారు నిలబడమన్నారు, నడవమన్నారు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నారు. లేచింది. ఆమె మళ్ళీ కూర్చున్నాక నిన్నటి నెత్తురు రిపోర్టు ఇంకోసారి చూశారు. పాత కాగితం మీద రాసినదాన్ని ఒక గీత గీసి కొట్టేసి, కింద కొత్తగా రాశారు. ఇవాళే మొదలుపెడదాం, కాళ్ళ తిమ్మిరి ఉంది కనక మోతాదు కాస్త తగ్గించి ఇస్తాను అన్నారు. బావ ఊపిరి వదలడం వినిపించింది. ఇంక లేవొచ్చు, నర్సు పక్క గదిలోకి తీసుకెళ్తుంది. చిన్నమ్మలు లేవలేదు.

"ఇంకో మాట సార్" అంది. "ఈ మందు కూడా ఏదో ఒక రోజు పని చెయ్యడం మానేస్తుంది, నాకు తెలుసు. ఆపాల్సిన రోజు వస్తే, అప్పుడు కూడా నన్నే అడగండి. ఆయన్ని కాదు." డాక్టరుగారు కలం కింద పెట్టి ఆమెని చూశారు, మొదటిసారి తీరిగ్గా చూసినట్టు. "సరే అమ్మా. మిమ్మల్నే అడుగుతాను" అన్నారు. త్రినాథరావు గోడకేసి చూస్తున్నాడు, కళ్ళు తుడుచుకోవడానికి రెండు చేతుల్లో ఒక్కటీ ఖాళీ లేదు. చిన్నమ్మలు ఆయన చేతిలోంచి ఫైలు సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకుంది. నర్సు వచ్చి మంచం సిద్ధంగా ఉందని చెప్పింది. మంచం వద్దు, కూర్చునే ఎక్కించుకుంటాను, కుర్చీ ఎక్కడుందో చూపించమని అడిగి, నర్సు కంటే ముందే గుమ్మం దాటింది.